ఇంటి గింజ, ఇంటి కూడు: తెలుగు పల్లె కుటుంబం తన తిండిని తానే సమకూర్చుకున్న తీరు

ఒక కుటుంబం తాను తినే తిండిని తానే పండించుకొని, దంచుకొని, దాచుకొని, వండుకునే పద్ధతి తెలుగు పల్లెల్లో నిన్నమొన్నటి వరకు ఉంది. ఇప్పుడు దాన్ని తలచుకునేవారు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరికి అది స్వర్ణయుగం. కల్తీ లేని తిండి, రోగం లేని ఒళ్లు. మరికొందరికి అది ఒట్టి వెనుకబాటుతనం. చరిత్ర విద్యార్థికి ఈ రెండు మాటలూ పెద్దగా ఉపయోగపడవు. ఆ తిండి వెనుక ఎవరి చాకిరీ ఉంది? గింజ ఇంటికి చేరేలోపు ఎవరెవరి వాటా పోయింది? కరువు వచ్చినప్పుడు ఆ ఏర్పాటు ఎంతవరకు నిలబడింది? ఈ పాఠంలో మనం అడగవలసిన ప్రశ్నలు ఇవి.

మా ఊరు పల్నాడులో ఉంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలేనాటికి నేను బడిలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి. ఆ నీరు మా పొలాల దాకా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అప్పటివరకు మా ఇంట్లో రోజువారీ తిండి జొన్నే. పగలు జొన్నన్నం, పొద్దున్నే రాత్రి మిగిలిన సంకటిలో మజ్జిగ. వరి అన్నం పండగకో, చుట్టాలు వచ్చినప్పుడో, జ్వరం తగ్గి పథ్యం పెట్టేటప్పుడో వండేవారు. వరి అన్నం కోసం జ్వరం వస్తే బాగుండునని నేను కోరుకున్న మాట నిజం. పల్నాడులో అందరి తిండీ జొన్నే అని శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు ఆక్షేపిస్తాయి. ఆయన 15వ శతాబ్దపు కవి. అంటే ఐదు వందల ఏళ్లకు పైగా పెద్దగా మారని తిండి, ఒక్క కాలువతో ఒక్క తరంలో మారిపోయిందన్నమాట. నా చిన్నతనం సరిగ్గా ఆ మార్పు మధ్యలో గడిచింది. అందుకే ఈ పాఠంలో అక్కడక్కడా మా ఇంటి మాటలు కూడా దొర్లుతాయి.

పొలం నుంచి గాదె దాకా

మెట్ట రైతు పొలంలో ఒకే పంట ఉండేది కాదు. జొన్న సాళ్ల మధ్య కంది సాలు, అక్కడక్కడా అనుములు, పెసలు, గట్ల మీద ఆముదం. తిండిగింజ, పప్పు, దీపానికి నూనె, పశువులకు చొప్ప, పొయ్యిలోకి కందికంప, అన్నీ ఒకే చేలోంచి రావాలి. వానలు వెనకబడి ఒక పంట పోయినా మరొకటి దక్కుతుంది. ఇంటి వెనుక పెరట్లో బీర, సొర, చిక్కుడు, గుమ్మడి, మునగ, కరివేపాకు. పాడి ఉన్న ఇంట్లో వెన్న కాచి నెయ్యి అమ్ముకునేవారు. మజ్జిగ అమ్మడం మాత్రం తప్పు. అది వాడలో అడిగినవారికి ఊరికే పోసేవారు. పాడి లేని ఇళ్లకు ఆ మజ్జిగే ఆధారం. పాల సేకరణ కేంద్రాలు వచ్చి పాలను పాలుగానే కొనడం మొదలుపెట్టాక ఆ మజ్జిగ చెంబులు ఆగిపోయాయి. పాలు అమ్మిన ఇంటికి డబ్బు వచ్చింది, నిజమే. మజ్జిగకు వచ్చేవారి సంగతి ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అయితే ఏ కుటుంబమూ ఒంటరిగా తన తిండిని తాను పండించుకోలేదు. నాగలి కర్రు సాగగొట్టే కమ్మరి, నాగలి చెక్కే వడ్రంగి, కుండ చేసే కుమ్మరి, బట్టలుతికే చాకలి, క్షవరం చేసే మంగలి, వీరందరికీ కళ్లంలోనే గింజలు కొలిచేవారు. ఆ వాటాను మేర అనేవారు. పాలేరు జీతమూ గింజలే. సొంత సెంటు భూమి లేని కుటుంబాలు కోత అయిపోయాక చేలో రాలిన వెన్నులు, అంటే పరిగె, ఏరుకునేవి. మనం ‘ఇంటి పంట’ అని గొప్పగా చెప్పుకునేది ఊరిలో భూమి ఉన్నవారి మాట. మిగిలినవారికి ఇంటి తిండి అంటే పక్కవాడి పంటలో కూలిగా వచ్చినది. ఈ తేడాను మరచిపోయి రాసిన వ్యాసాలు చాలా చదివాను. వాటిలో అందరికీ గాదెలు ఉంటాయి.

కళ్లంలో మేరలు పోయాక కూడా గింజ నేరుగా ఇంటికి రాదు. రైత్వారీ పద్ధతిలో శిస్తు నగదుగా కట్టాలి. కిస్తు గడువు పంట చేతికి వచ్చే రోజుల్లోనే పడుతుంది. ఊరంతా ఒకేసారి గింజలు అమ్మకానికి పెడితే ధర పడిపోక తప్పదు. చవకగా అమ్మిన రైతే ఎండాకాలం చివర తిండికి గింజలు లేక షావుకారు దగ్గర అప్పు తెచ్చేవాడు. తెలంగాణలో ఈ గింజల అప్పును నాగు అనేవారు. తెచ్చినదానికి ఒకటిన్నర రెట్లు పంటకు కొలిచి ఇవ్వాలి. తన చేలో పండిన జొన్ననే తాను వడ్డీకి తెచ్చుకుని తినడం ఇది.

హైదరాబాద్ సంస్థానంలో పరిస్థితి ఇంకా కఠినం. వెట్టిచాకిరీకి తోడు రెండో ప్రపంచయుద్ధ కాలంలో లెవీ గల్లా వచ్చిపడింది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ చరిత్ర మీరు తెలంగాణ రైతాంగ పోరాటం పాఠంలో చదువుతారు. ఆమె కౌలుకు చేసిన భూమిలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం కార్యకర్తలు ఆ పంటను కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఆ ఘటనను భూమి హక్కు పోరాటంగా చెప్పడం ఆనవాయితీ. అది సరైనదే. కాని ఒక్కసారి ఇల్లాలి వైపు నుంచి చూడండి. ఏడాది పొడవునా పిల్లలకు ఏం వండి పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఆ గింజల్లోనే ఉంది. పండించుకున్నది తన ఇంటి గడప దాటి లోపలికి రావడమే ఆనాడు ఒక తిరుగుబాటు అయింది.

ఇంటికి వచ్చిన గింజను దాచడం మరో విద్య. వెదురు తడికతో అల్లి పేడా మట్టీ అలికిన గాదెలు, డెల్టా గ్రామాల్లో గడ్డి వెంటితో చుట్టిన పురులు, మెట్ట ఊళ్లలో నేలలో తవ్విన పాతరలు ఉండేవి. పాతర అడుగునా చుట్టూ గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి మూసేవారు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. అందుకే పాతర తెరిచిన వెంటనే మనిషి లోపలికి దిగకూడదు. మా తాత ముందు ఒక దీపాన్ని తాడుతో దించేవాడు. దీపం ఆరిపోతే ఆ రోజుకు పని లేదు. విత్తనాల సంగతి ఆడవాళ్లది. బీర, సొర కాయలను ముదరనిచ్చి పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసేవారు. పప్పు విత్తనాలను బూడిద కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తేవారు. కొలతలు కూడా తిండి లెక్కలే. 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ఊరూరికీ మానిక పరిమాణంలో తేడా ఉండేది. ఇంటికి ఏడాదికి ఎన్ని తూముల జొన్నలు కావాలో మా నాయనమ్మ వేళ్ల మీద చెప్పేది. ఆమెకు చదువు రాదు.

రోలు, రోకలి, పొయ్యి

గాదెలో గింజ ఉంటే కడుపు నిండదు. దంచాలి, చెరగాలి, విసరాలి, వండాలి. ఈ పని దాదాపు పూర్తిగా స్త్రీలది. జొన్నలు తడిపి దంచి పొట్టు తీసి, చేటతో చెరిగి, తిరగలిలో విసిరి, రవ్వను పిండిని వేరు చేస్తే గాని సంకటి పొయ్యి మీదకు రాదు. తెల్లవారుజామున కోడి కూయక ముందే మొదలయ్యే ఈ పనిలోంచే దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు పుట్టాయి. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు జానపద గేయాలను సేకరించి, అధ్యయనం చేసి సాహిత్యానికి మేలు చేశారు. కాని మన పుస్తకాల్లో ఆ పాటల మాధుర్యం గురించి ఉన్నంతగా, అవి పాడినవారి భుజాల నొప్పి గురించి లేదు.

వంటింటి శ్రమను గమనించిన పాత కవి ఒకరున్నారు, ఆయన రాజు కావడం విశేషం. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు అన్నం పెట్టే తీరును ఋతువుల వారీగా వర్ణిస్తాడు. జడివాన పట్టిన రోజుల్లో కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి కాబట్టి, భార్య కళ్లలో పొగ పడకుండా ఎండు కొబ్బరి చిప్పలు మండించి వండించాడని అంటాడు. ఆ రోజు వడ్డించిన వాటిలో అన్నం, పప్పు, కూరలతో పాటు వరుగులు, వడియాలు ఉన్నాయి. వానాకాలంలో పెరడు మునిగితే ఎండాకాలంలో ఎండబెట్టి దాచినవే గతి. 16వ శతాబ్దపు మొదటి భాగంలో రాసిన కావ్యంలో ఇంటి నిల్వ ఆహారం అంత స్పష్టంగా కనబడుతుంది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఇంటి వంటలో ఉన్నవన్నీ అనాదిగా ఉన్నవే అనుకోకండి. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చింది. టమాటా, వేరుశనగ కూడా ఆ ఖండానివే. రాయల కాలపు తెలుగు వంటింట్లో కారం అంటే మిరియాలు. గుంటూరు మిరపను చూసి మన పూర్వీకులందరూ ఆవకాయ తిన్నారని నిర్ధారించడం చరిత్ర కాదు. కొత్తగా వచ్చిన పంటను పల్లెటూరి ఇల్లాళ్లు తమ ఇంటి నిల్వ విద్యలో ఎంత బాగా ఇముడ్చుకున్నారంటే, రెండు మూడు వందల ఏళ్లలో అది తాతలనాటిది అయిపోయింది.

కరువు పెట్టిన పరీక్ష

ఇంటి నిల్వలు మామూలు ఏడాదికి సరిపోయేవి, ఒక పంట పోతే ఎలాగో గట్టెక్కించేవి. వరుసగా రెండు పంటలు పోతే చేతులెత్తేసేవి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమను చుట్టేసిన కరువులో ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది వరకు చనిపోయారని అంచనాలు ఉన్నాయి. డొక్కల కరువు అని జనం దానికి పెట్టిన పేరే ఆ కాలపు ఆధారం. తరువాతి దశాబ్దాల్లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలకు కరువు భయం చాలావరకు పోయింది. మెట్టకు పోలేదు.

1876-78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు ఆ సంగతిని నిరూపించింది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో పాతరలు ఖాళీ అయ్యాయి. పశువులు చచ్చాయి, విత్తనాల కుండలు కూడా తినడానికే వాడేశారు. విత్తనం తినేసిన ఇల్లు వాన పడినా లేవలేదు. సహాయ పనుల్లో కూలీకి ఇచ్చే తిండిని రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానికి తోడు కొద్దిపాటి డబ్బుగా రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కుటుంబం తన తిండిని తానే కొలుచుకునే స్థితి పోయి, ప్రభుత్వం పౌనుల్లో కొలిచి ఇచ్చే స్థితి రావడం ఈ కరువులో మనకు కనిపిస్తుంది. ఆ కొలత ఎంత ఉండాలన్న తగాదా ఏదో ఒక రూపంలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

మర వచ్చిన తరువాత

20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో డెల్టా పట్టణాల్లోను, తరువాత పల్లెల్లోను బియ్యం మరలు వెలిశాయి. దాంతో రెండు విషయాలు జరిగాయి. మొదటిది, స్త్రీల మీద నుంచి తరతరాల బరువు దిగింది. మా ఊరికి పిండిమర, బియ్యం మర వచ్చిన సంగతి చెబుతూ మా అమ్మ, “అప్పుడు తెలిసింది రా, కోడి కూసేదాకా పడుకోవడం అంటే ఏమిటో” అనేది. ఇంటి దంపుడే మేలని ఉపన్యసించే పెద్దమనుషులు రోకలి పట్టినవారు కాదని ఆమె అభిప్రాయం. దాన్ని నేను ఇంతవరకు ఖండించలేకపోయాను.

రెండోది, మర తెల్లగా చేసిన బియ్యంలోంచి తవుడుతో పాటు బి1 విటమిన్ పోయింది. కోస్తా తెలుగు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి పెరగడాన్ని వైద్యులు గమనించారు. కాళ్లు తిమ్మిరెక్కడం, నడవలేకపోవడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. కూనూరులోని పరిశోధనాలయంలో రాబర్ట్ మెక్‌కారిసన్, ఆయన తరువాత ఐక్రాయిడ్ ఈ సమస్యను అధ్యయనం చేశారు. తమిళ జిల్లాల్లోనూ మరబియ్యమే తింటున్నా అక్కడ ఈ జబ్బు అరుదు. కారణం వారు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను ముందే నానబెట్టి ఉడికిస్తే విటమిన్ పైపొరలోంచి గింజ లోపలికి ఇంకుతుంది, తరువాత మర ఆడించినా చాలావరకు నిలుస్తుంది. మనవాళ్లు పచ్చి బియ్యాన్ని మర ఆడించి, బాగా కడిగి, గంజి వార్చి తిన్నారు. మిగిలిన కాస్త విటమిన్ కడుగు నీళ్లలోను, గంజిలోను పోయింది. కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు వెళ్లినప్పుడు మీరు చూసే ఆ సంస్థ మూలాలు బెరిబెరి పరిశోధనలోనే ఉన్నాయి.

ఇది చదివి జొన్న తినేవారికి ఏ లోపమూ లేదని అనుకోవద్దు. దక్కన్ పీఠభూమిలో జొన్నే ప్రధానంగా తిని, పాలూ పప్పూ కొనలేని పేదల్లో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీనిమీద ముఖ్యమైన పరిశోధన ప్రకటించారు. ఇంటి జొన్న పక్కన పెరటి ఆకుకూర, కంది పప్పు, ఒక గ్లాసు మజ్జిగ ఉన్నప్పుడే అది పూర్తి తిండి. ఉత్త సంకటి పేదరికానికి గుర్తు.

1934 చివర్లో గాంధీజీ ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని తన ముఖ్య కార్యక్రమాల్లో ఒకటిగా చేసుకుంది. జె.సి. కుమారప్ప దాని వెనుక ఆర్థిక తర్కాన్ని వివరించారు. వారి వాదన పోషణ గురించి మాత్రమే కాదు. భూమి లేని స్త్రీలు, వితంతువులు కలవారి ఇళ్లలో వడ్లు దంచి కూలిగా గింజలు, నూకలు తెచ్చుకునేవారు. మర వచ్చిన రోజున మా అమ్మకు నిద్ర దొరికింది. మా ఇంటికి దంపుడుకు వచ్చే ఒక ముసలావిడకు మాత్రం పూట గడవడం ఆగిపోయింది. ఈ రెండూ ఒకే ఇంటి వసారాలో, ఒకే వారంలో జరిగాయి. చేతి దంపుడును కాపాడటానికి మరలకు లైసెన్సు విధిస్తూ 1958లో కేంద్రం చట్టం చేసింది కూడా. చట్టం వచ్చింది, మరలు పెరిగాయి, రోళ్లు పెరటి మూలకు చేరాయి.

రేషన్ బియ్యం, మళ్లీ జొన్న

సాగర్ నీరు వచ్చాక మా చేలలో కంది సాలు పోయింది, అనుములు పోయాయి, చేను మొత్తం వరి మడి అయింది. వర్షాధార ప్రాంతాల్లో ఇదే మార్పు మరో దారిన వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చింది. దాని విలువను తక్కువ చేసి మాట్లాడటం తగదు. భూమి లేని ఇంట్లో, పరిగె మీద, నాగు మీద బతికినవారి ఇంట్లో, తొలిసారి నెల మొత్తానికి గింజ భరోసా వచ్చింది. అంతకాలం కలవారి తిండి అనుకున్న వరి అన్నం వారి కంచంలోకి వచ్చింది. అది ఆకలి ప్రశ్న మాత్రమే కాదు, గౌరవం ప్రశ్న కూడా. అదే సమయంలో మెట్ట రైతుకు, చవకగా బియ్యం దొరుకుతుంటే కష్టపడి జొన్న ఎందుకు వేయాలన్న ప్రశ్న వచ్చింది. చాలా చేలు బీడు పడ్డాయి, మరికొన్ని పత్తికి మారాయి.

జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు ఈ ప్రశ్నకు వేరే జవాబు వెతికాయి. వారిలో ఎక్కువమంది దళిత మహిళలు. 1990ల మధ్యలో బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊరి ఉమ్మడి నిల్వకు కొలిచి, అక్కడి పేదలకు తక్కువ ధరకు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచారు. పాత పద్ధతే కదా అనిపిస్తుంది. ఒక తేడా గమనించండి. పాత ఊరిలో గాదె భూస్వామిది, పరిగె దళిత స్త్రీది. ఇక్కడ గాదె తాళం చెవి ఆమె చేతిలో ఉంది.

మా ఇంటి పాతరను నేను కాలేజీలో చేరిన ఏడాది పూడ్చేశారు. పిల్లలు పడతారని భయం ఒకటి, అందులో పోయడానికి జొన్నలు లేకపోవడం ఒకటి. ఇప్పుడు దానిమీద నీళ్ల తొట్టి ఉంది.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, వాడలోగాని డెబ్బయి ఏళ్లు దాటిన ఒక స్త్రీని కలవండి. ఆమె చిన్నతనంలో ఇంట్లో ఏ గింజ తిన్నారు, అది సొంత చేలోదా, కూలిగా వచ్చిందా, అప్పుగా తెచ్చిందా అడగండి. దంచడానికి, విసరడానికి, నీళ్లు తేవడానికి, వండటానికి రోజులో ఎంతసేపు పట్టేదో విడివిడిగా అడిగి రాసుకోండి. ఊరికి మర ఎప్పుడు వచ్చిందో, వచ్చాక మిగిలిన సమయంలో ఆమె ఏం చేసిందో కూడా అడగండి. చివరి ప్రశ్నకు జవాబును ఆమె మాటల్లోనే, దిద్దకుండా రాయండి.